లెక్క రాసిపెట్టిన మనిషి: జాన్ పోస్టెల్

ఈ సంచికకి ఒక ప్రముఖుడి జీవితం రాయమని క్లబ్‌లో అన్నప్పుడు చాలామంది కవుల్నీ, సంస్కర్తల్నీ ఎంచుకున్నారు. నేను జాన్ పోస్టెల్‌ని ఎంచుకున్నాను. నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివినవాళ్ళకి ఈ పేరు టెక్స్ట్‌బుక్‌లో ఎక్కడో ఒక మూల తగిలే ఉంటుంది. ఆయన కంపెనీ పెట్టలేదు. కోట్లు సంపాదించలేదు. ఆయన మీద సినిమా కూడా రాలేదు. కానీ ఒక విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పక్క రూమ్‌లో ఉన్న ఉబుంటు సిస్టమ్‌కి ఒక ఫైల్ వెళ్ళిందంటే, ఆ దారిలో అడుగడుగునా ఆయన రాసిన కాగితాలో, ఆయన పంచిన నంబర్లో ఉంటాయి.

పూర్తి పేరు జొనాథన్ బ్రూస్ పోస్టెల్. 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఆల్టడీనా అనే ఊళ్ళో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌లో వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాత ఇంటర్నెట్ చరిత్రలో పెద్ద పేర్లయిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ స్కూల్లో చదివినవాళ్ళే. యూసీఎల్ఏలో 1966లో బీఎస్, 1968లో ఎంఎస్ చేశారు. రెండూ ఇంజినీరింగ్‌లోనే. అక్కడే 1974లో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. పీహెచ్‌డీ విషయం కూడా ప్రోటోకాల్సే. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతిలో ఎక్కడైనా ఇరుక్కుపోయే ప్రమాదం ఉందా అని గ్రాఫ్‌ల సాయంతో పరిశీలించడం.

ఆయన యూసీఎల్ఏలో స్టూడెంట్‌గా ఉన్న రోజుల్లోనే అసలు కథ మొదలైంది. ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ల్యాబ్‌కి 1969లో ఆర్పానెట్ మొదటి కనెక్షన్ వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 29 రాత్రి యూసీఎల్ఏ నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి లాగిన్ అనే మాట పంపబోతే, ఎల్, ఓ అనే రెండక్షరాలు చేరాక అవతలి సిస్టమ్ క్రాష్ అయింది. ఈ కథ అందరూ చెప్తారు. నాకు మాత్రం దానికన్నా ఆసక్తిగా అనిపించింది ఇంకో విషయం. ఆ ఏడాది చివరికి ఆర్పానెట్‌లో ఉన్నవి నాలుగే నాలుగు కంప్యూటర్లు. ఆ నాలుగింటిలో ఏ రెండూ ఒక రకం కాదు!

యూసీఎల్ఏలో ఉన్నది ఎస్‌డీఎస్ సిగ్మా 7. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్‌డీఎస్ 940. శాంటా బార్బరా క్యాంపస్‌లో ఐబీఎం 360/75. యూటా యూనివర్సిటీలో డెక్ పీడీపీ-10. ఒక్కోదానికి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్. సిగ్మా 7 ఒక్కో పదానికి 32 బిట్లు వాడేది, 940కి 24 బిట్లు, పీడీపీ-10కి ఏకంగా 36 బిట్లు. బైట్ అంటే 8 బిట్లు అని మనం ఫస్ట్ సెమిస్టర్‌లో బట్టీ పట్టినది అప్పటికి అంతటా ఖాయం కాలేదు. ఆస్కీలో ఇంగ్లిష్ పెద్ద ఏ అక్షరం విలువ 65. ఐబీఎం వాడే ఎబ్సిడిక్‌లో అదే అక్షరం విలువ 193. అంటే ఒక మెషీన్‌లో శుభ్రంగా ఉన్న టెక్స్ట్ ఫైల్‌ని ఉన్నదున్నట్టు ఇంకోదానికి పంపితే అక్కడ చెత్త కనిపిస్తుంది. మనం ఈరోజు విండోస్, లైనక్స్, మ్యాక్ అని గోల పెడుతున్నాం కానీ, అప్పటి తేడాలతో పోలిస్తే ఇవి అన్నదమ్ముల తగాదాలు.

ఇలాంటప్పుడు ఫైళ్ళు ఎలా పంచుకోవాలి? ఒక దారి ఏంటంటే ప్రతి జతకీ ఒక కన్వర్టర్ రాయడం. నాలుగు రకాల మెషీన్లకి రానూపోనూ కలిపి 12 కన్వర్టర్లు కావాలి. వంద రకాలుంటే 9,900. ఇది జరిగే పని కాదు. రెండో దారి అందరూ ఒప్పుకునే ఒక ఉమ్మడి రూపం పెట్టుకోవడం. పంపేవాడు తన పద్ధతి నుంచి ఉమ్మడి రూపంలోకి మారుస్తాడు, అందుకునేవాడు దాన్నుంచి తన పద్ధతిలోకి మార్చుకుంటాడు. అప్పుడు వంద రకాలకీ 200 సరిపోతాయి. కొత్తగా ఇంకో కంప్యూటర్ వచ్చి చేరితే పాతవాళ్ళెవరూ తమ కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

లెక్క తేలికే. కష్టమంతా ఆ ఉమ్మడి రూపం ఏంటో అందరిచేతా ఒప్పించడంలో ఉంది. స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ అనే కాగితాల వరస మొదలుపెట్టారు. పేరులోనే వినయం ఉంది: ఇది చట్టం కాదు, మీ అభిప్రాయం చెప్పండి అని అర్థం. కొద్దికాలానికే ఆ కాగితాల ఎడిటింగ్ బాధ్యత పోస్టెల్ చేతికి వచ్చింది. చనిపోయేదాకా, అంటే దాదాపు ముప్పై ఏళ్ళు, ఆయన దాన్ని వదల్లేదు.

ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, అదే మన ఎఫ్‌టీపీ, మొదటి రూపం రాసింది మాత్రం పోస్టెల్ కాదు. 1971 ఏప్రిల్‌లో 114వ ఆర్ఎఫ్‌సీగా దాన్ని రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్ళిన మనవాడు. ఆ తర్వాత చాలామంది చేతులు పడి మారుతూ వచ్చిన ఆ ప్రోటోకాల్‌ని పోస్టెల్ 1980లో కొత్త నెట్‌వర్క్‌కి సరిపడేలా తిరగరాశారు. 1985 అక్టోబర్‌లో సహోద్యోగి జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి 959వ ఆర్ఎఫ్‌సీగా స్థిరపరిచారు. 69 పేజీల ఆ కాగితమే ఈనాటికీ ఎఫ్‌టీపీకి ఆధారం.

అందులో ఏముందో కొంచెం చెప్తాను, ఎందుకంటే ఆయన ఆలోచనా పద్ధతి అక్కడే తెలుస్తుంది. టెక్స్ట్ పంపేటప్పుడు ఉమ్మడి రూపం ఆస్కీ. ప్రతి లైన్ చివర రెండు గుర్తులు ఉండాలి: 13 నంబర్ క్యారేజ్ రిటర్న్, 10 నంబర్ లైన్ ఫీడ్. మన విండోస్ ఇప్పటికీ ఈ రెండూ పెడుతుంది. లైనక్స్ 10 ఒక్కటే పెడుతుంది. పాత మ్యాక్‌లు 13 ఒక్కటే పెట్టేవి. అందుకే లైనక్స్‌లో రాసిన ప్రోగ్రామ్‌ని 2018కి ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా ఒకే లైన్‌లో కనిపించేది. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ లైనక్స్‌లో వింత ఎర్రర్ ఇవ్వడానికి కారణం కూడా ఇదే. ఎఫ్‌టీపీ ఆస్కీ మోడ్‌లో పంపితే ఈ మార్పిడి రెండు వైపులా దానంతటదే జరిగిపోతుంది. అదే ఫొటోనో, జిప్ ఫైలో అయితే ఒక్క బిట్ కూడా మారకూడదు కాబట్టి దానికి ఇమేజ్ అనే వేరే మోడ్ ఉంది. వాడుకలో బైనరీ మోడ్ అంటాం. ఫొటోని ఆస్కీ మోడ్‌లో విండోస్‌కి పంపారనుకోండి, లోపల ఎక్కడ 10 కనిపిస్తే అక్కడ దాని ముందు 13 చేరి ఫొటో పాడైపోతుంది. 36 బిట్ల మెషీన్ల కోసం బైట్‌కి ఎన్ని బిట్లో చెప్పుకునే మోడ్ కూడా ఉంది. నీ ఇంట్లో నువ్వు ఎలాగైనా ఉండు, వీధిలోకి వచ్చినప్పుడు మాత్రం అందరికీ అర్థమయ్యేలా మాట్లాడు అన్నమాట.

ఇంకో చిన్న సంగతి. ఎఫ్‌టీపీలో సర్వర్ ప్రతి జవాబుకీ ముందు మూడంకెల నంబర్ పెడుతుంది. 2తో మొదలైతే పని అయింది, 4తో మొదలైతే తాత్కాలిక ఇబ్బంది, 5తో మొదలైతే కుదరదు. పక్కన ఉన్న ఇంగ్లిష్ వాక్యం మనుషులకి, నంబర్ మెషీన్లకి. పోస్టెల్ 1982లో రాసిన ఈమెయిల్ ప్రోటోకాల్ ఎస్ఎంటీపీలో కూడా ఇదే పద్ధతి. వెబ్‌లో మనకి కనిపించే 404 ఈ వంశంలోదే.

ఇక నంబర్ల సంగతికి వద్దాం. ఒక కంప్యూటర్‌లో చాలా సర్వీసులు నడుస్తుంటే, ఏ తలుపు తడితే ఎవరు పలుకుతారో ముందే తెలియాలి కదా. 1972 మేలో పోస్టెల్ ఒక చిన్న ఆర్ఎఫ్‌సీ రాశారు. ఈ నంబర్లు పంచడానికి ఎవరో ఒకరు పెద్దమనిషి ఉండాలి, అది నేనే కావచ్చేమో అన్నట్టు ఒక ప్రశ్నార్థకం కూడా తగిలించి ప్రతిపాదించారు. ఎవరూ కాదనలేదు. అప్పట్నుంచీ ఎవరికి ఏ నంబర్ ఇచ్చారో లెక్క రాసిపెట్టడం ఆయన పనైంది. 1977లో ఆయన సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వారి ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఈ లెక్కల పని కూడా ఆయనతోనే వెళ్ళింది. తర్వాత్తర్వాత దానికి ఐయానా అని పేరొచ్చింది. పేరు వింటే పెద్ద సంస్థ అనిపిస్తుంది. నిజానికి చాలా ఏళ్ళు ఐయానా అంటే గడ్డం పెంచుకుని, చెప్పులేసుకుని తిరిగే జాన్ పోస్టెల్, ఆయన పక్కన జాయిస్ రేనాల్డ్స్. అంతే.

ఆ పని ఎంత సాదాగా జరిగేదో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1995 జూలైలో ఫిన్లండ్‌లో టాటు యిలోనెన్ అనే రీసెర్చర్ ఎస్ఎస్‌హెచ్ రాశారు. పాస్‌వర్డ్‌లు బయటపడకుండా వేరే మెషీన్‌లోకి లాగిన్ అవడానికి. ఎఫ్‌టీపీది 21, టెల్‌నెట్‌ది 23. వాటి మధ్య 22 ఖాళీగా ఉంది. అది నాకివ్వండి అని ఐయానాకి ఒక ఈమెయిల్ పెట్టారు. మర్నాడే జాయిస్ రేనాల్డ్స్ దగ్గర్నుంచి ఇచ్చాం అని జవాబు వచ్చింది. ఫీజు లేదు, కమిటీ లేదు. ఈరోజు మనం ఎస్‌ఎఫ్‌టీపీతో ఫైల్ పంపితే అది ఆ 22 తలుపులోంచే వెళ్తుంది.

1981 సెప్టెంబర్‌లో ఐపీ, ఐసీఎంపీ, టీసీపీలని వివరించే 791, 792, 793 నంబర్ల ఆర్ఎఫ్‌సీలు వచ్చాయి. మూడింటికీ ఆయన చెయ్యి ఉంది. అంతకు ముందే, 1980లో రాసిన యూడీపీ కాగితం మూడే మూడు పేజీలు. అప్పటిదాకా ఆర్పానెట్ ఎన్‌సీపీ అనే పాత ప్రోటోకాల్ మీద నడిచేది. దాన్ని వదిలి అందరూ టీసీపీ/ఐపీకి మారాలి. ఈ మార్పు ప్రణాళిక కూడా పోస్టెల్ రాసిందే: 1983 జనవరి 1 గడువు. ఎవరి సిస్టమ్ అడ్మిన్‌కైనా ఇది తలనొప్పే కాబట్టి చాలామంది నాన్చారు. అప్పుడు వింట్ సెర్ఫ్, పోస్టెల్ కలిసి 1982లో ఒకసారి ఒక రోజు, తర్వాత మళ్ళీ రెండు రోజులు పాత ప్రోటోకాల్ పనిచేయకుండా ఆపించారు. దాంతో గడువు నిజమేనని అందరికీ అర్థమైంది.

ఆయన పేరుతో ఒక సూత్రమే ఉంది. పంపేటప్పుడు నియమాలు కచ్చితంగా పాటించు, అందుకునేటప్పుడు అవతలివాడి చిన్న చిన్న తప్పుల్ని సర్దుకో అనేది దాని సారాంశం. వందల మంది ఒకే కాగితం చదివి వేర్వేరుగా కోడ్ రాసిన కాలంలో ఈ ఓర్పు లేకపోతే నెట్‌వర్క్ నిలబడేది కాదు. ఇప్పుడు మాత్రం దీని మీద విమర్శ ఉంది. తప్పుల్ని సర్దుకుంటూ పోతే ఆ తప్పులే అలవాటైపోతాయి, సెక్యూరిటీ కన్నాలు ఏర్పడతాయి అని. 2023లో వచ్చిన ఒక ఆర్ఎఫ్‌సీ ఈ విషయమే చర్చించింది. రెండు వాదనల్లోనూ నిజం ఉందని నాకనిపిస్తుంది. అపరిచితులు తక్కువున్న ఊళ్ళో తలుపులు తీసి పడుకోవచ్చు, ఊరు నగరమయ్యాక గొళ్ళెం పెట్టాలి. ఎఫ్‌టీపీ గతి కూడా అదే అయింది. పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపుతుంది కాబట్టి 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని తీసేశాయి.

ఆయన సూత్రాన్ని తన ఎడిటింగ్‌లో కూడా చూడొచ్చు. ఆర్ఎఫ్‌సీలన్నీ ఉత్త ఆస్కీ టెక్స్ట్‌లో ఉండాలి, లైన్‌కి 72 అక్షరాలు దాటకూడదు అని పట్టుబట్టారు. బొమ్మలు లేవు, రంగులు లేవు. కారణం చాలా సింపుల్. ఎవరి దగ్గర ఏ కంప్యూటర్ ఉన్నా, ఏ ప్రింటర్ ఉన్నా ఆ ఫైల్ తెరుచుకోవాలి. అప్పటి వర్డ్ ప్రాసెసర్లలో సేవ్ చేసిన డాక్యుమెంట్లు ఇప్పుడు తెరవడమే గగనం. పోస్టెల్ ఎడిట్ చేసిన 1970ల కాగితాన్ని నేను ఫోన్‌లో ఒక్క క్షణంలో చదవగలిగాను.

ఆ ఆస్కీ పట్టుదలలో మనకి మాత్రం చోటు లేదు. 128 గుర్తుల్లో తెలుగు అక్షరాలు ఎక్కడ పడతాయి? ఎఫ్‌టీపీలో ఫైల్ పేర్లకి యూటీఎఫ్-8 వాడాలని చెప్పే ఆర్ఎఫ్‌సీ 1999లో, ఆయన పోయాక వచ్చింది. యూటీఎఫ్-8లో మన క అనే అక్షరానికి మూడు బైట్లు. ఆస్కీ అక్షరాలు మాత్రం పాతలాగే ఒక్కో బైట్. పాతది చెడకుండా కొత్తవాళ్ళని కలుపుకోవడం అంటే అదీ.

మన హాస్టళ్ళ నెట్‌వర్క్‌ల్లో కూడా ఆయన లెక్క పుస్తకం జాడ ఉంది. చాలా క్యాంపస్‌ల్లో ఐపీ అడ్రస్ 10తో మొదలవుతుంది. ఒకప్పుడు ఆ 10 ఆర్పానెట్ నంబర్. 1990లో ఆర్పానెట్‌ని మూసేశాక అది ఖాళీ అయింది. తర్వాత దాన్ని ఎవరి లోకల్ నెట్‌వర్క్‌లో వాళ్ళు స్వేచ్ఛగా వాడుకోవచ్చని వదిలేశారు. ఐపీ ప్యాకెట్లని లోకల్ నెట్‌వర్క్‌ల ఐఈఈఈ 802 ప్రమాణాల మీద ఎలా పంపాలో చెప్పే 1988 ఆర్ఎఫ్‌సీ కూడా పోస్టెల్, రేనాల్డ్స్ రాసిందే.

నంబర్ల తర్వాత పేర్లు. డొమైన్ నేమ్ సిస్టమ్‌ని 1983లో డిజైన్ చేసింది ఆయన సహోద్యోగి పాల్ మోకపెట్రిస్. డాట్ కామ్, డాట్ ఎడ్యు లాంటివి ఎలా ఉండాలో 1984లో పోస్టెల్, రేనాల్డ్స్ రాశారు. దేశాల కోడ్‌ల విషయంలో ఆయన చూపిన తెలివి నాకు చాలా నచ్చింది. ఏది దేశం, ఏది కాదు అని తేల్చడం మా పని కాదని, ఐఎస్ఓ జాబితాలో ఉన్న రెండక్షరాల కోడ్‌లనే తీసుకున్నారు. తనకి అధికారం ఉన్నచోట కూడా అవసరం లేని అధికారాన్ని పక్కన పెట్టడం అందరికీ చేతకాదు.

కానీ ఇంటర్నెట్‌లోకి డబ్బు వచ్చింది. 1995 నుంచి డొమైన్ పేర్లకి ఫీజు మొదలైంది. కంపెనీలు, లాయర్లు, ప్రభుత్వం అందరూ ఒకటే ప్రశ్న అడిగారు: ఈ మనిషికి ఈ హక్కు ఎవరిచ్చారు? 1998 జనవరి 28న పోస్టెల్ ఒక పని చేశారు. అసలు రూట్ సర్వర్ నుంచి సమాచారం తీసుకునే 12 సర్వర్లలో 8 సర్వర్ల నిర్వాహకులకి, ఇకనుంచి తన దగ్గరున్న సర్వర్ నుంచి తీసుకోమని మెయిల్ పెట్టారు. వాళ్ళు మారు మాట్లాడకుండా చేశారు. మనలాంటి మామూలు యూజర్‌కి ఏ తేడా తెలియలేదు. అమెరికా ప్రభుత్వం మాత్రం ఉలిక్కిపడింది. కొద్ది రోజుల్లోనే ఆయన అంతా యథాస్థితికి తెచ్చి, అది ఒక పరీక్ష అని చెప్పారు.

అది పరీక్షా, నిరసనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే ఆ సంఘటనలో రెండూ కనిపిస్తాయి. ఒక మెయిల్‌తో ఎనిమిది మంది కదిలారంటే అది ముప్పై ఏళ్ళ నమ్మకం. కానీ ఒక మెయిల్‌తో ఇంటర్నెట్ వేరు కదిలిందంటే అది ప్రమాదం కూడా. ఆ మనిషి మంచివాడు కావడం మన అదృష్టం. సిస్టమ్ డిజైన్‌లో అదృష్టం మీద ఆధారపడకూడదని కదా మనకి చెప్తారు. ఈ సంగతి పోస్టెల్‌కి తెలియదనుకోను. అప్పటికే ఐయానా పనిని తన చేతుల్లోంచి ఒక సంస్థ చేతుల్లోకి మార్చడానికి ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నారు. 1998 సెప్టెంబర్‌లో ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. దానికి ఆయన చీఫ్ టెక్నికల్ ఆఫీసర్ కావాల్సింది.

కాలేదు. 1991లో ఒకసారి ఆయన గుండె వాల్వ్ మార్చారు. మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. ఆ తర్వాత వచ్చిన ఇబ్బందులతో 1998 అక్టోబర్ 16న లాస్ ఏంజెలెస్‌లో చనిపోయారు. వయసు 55. ఆయన స్నేహితుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళిని 2468వ ఆర్ఎఫ్‌సీగా ప్రచురించారు. ప్రోటోకాల్స్ మధ్యలో ఒక కన్నీటి కాగితం. వీలైతే చదవండి.

ఆయన వదిలివెళ్ళిన పని ఆగలేదు. పోర్ట్ నంబర్ల పట్టిక ఐకాన్ కింద ఐయానా ఇప్పటికీ నడుపుతోంది. విండోస్, లైనక్స్ మధ్య ఫోల్డర్ షేర్ చేసే సాంబా వాడే 445 కూడా ఆ పట్టికలోనే నమోదై ఉంది. 2016 అక్టోబర్ 1 నుంచి అమెరికా ప్రభుత్వ ఒప్పందం కూడా లేదు. దేశం కోడ్ మన లిపిలోనే, డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లో రాసుకునే వీలు కూడా వచ్చింది.

మన బ్రాంచ్‌లో అందరికీ యాప్ కట్టాలని ఉంటుంది. గ్రూప్ ప్రాజెక్ట్‌లో ఫైల్ ఫార్మాట్ ఏంటో, ఏపీఐ ఎలా ఉండాలో, ఎవరు ఏ పోర్ట్ వాడుతున్నారో రాసిపెట్టమంటే మాత్రం ఎవరూ ముందుకి రారు. దానికి మార్కులు ఉండవు, డెమోలో చూపించడానికి ఏమీ ఉండదు. ఆ పనిని ఒక మనిషి ముప్పై ఏళ్ళు చేస్తే ఏమవుతుందో పోస్టెల్ జీవితం చెప్తుంది. ఆర్ఎఫ్‌సీలు చదవాలనిపిస్తే 768వది, యూడీపీతో మొదలుపెట్టండి. మూడు పేజీలే. క్యాంటీన్‌లో టీ చల్లారేలోపు అయిపోతుంది.